డెబ్బై అయిదు పక్కన రాసుకున్న మాట

ప్రశ్న

మండపేట పక్క పల్లెటూరి నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వెయ్యొద్దంది. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

డిగ్రీ అయ్యి ఏడాదిన్నర. ఇంటి దగ్గరే ఉండి ఆన్‌లైన్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటోంది. నాన్న కౌలు రైతు, మూడెకరాల చేను. కోర్సులో యూనిట్ టెస్టింగ్ పాఠం వచ్చింది. రాసిన ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క, సరిగ్గా లెక్క కడుతోందో లేదో తెలియడానికి, ఇది ఇస్తే ఇంత రావాలి అంటూ చిన్న చిన్న పరీక్షలు రాయడం. ‘మీ ఇంట్లో వాడే లెక్క ఏదైనా తీసుకోండి’ అన్నారట మెంటర్. ఈ అమ్మాయి ధాన్యం డబ్బుల లెక్క తీసుకుంది. బస్తాలెన్నో, క్వింటా ధరెంతో, తేమ ఎంత శాతమో ఇస్తే రైతు చేతికి ఎంత రావాలో ఫంక్షన్ చెప్పాలి. తేమ 17 శాతం దాటితే బస్తాకి రెండు కిలోలు తరుగు తియ్యాలని తనే ఒక నియమం పెట్టుకుంది. ఫంక్షన్ పదకొండు లైన్లు, టెస్టులు పన్నెండు. కామెంట్లు, అంటే హ్యాష్ (#) గుర్తు పెట్టి మనుషుల కోసం కోడ్ పక్కన రాసుకునే మాటలు, మాత్రం తొంభై పైచిలుకు. కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో, ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాల తెలుగులో.

“మర్చిపోతానేమోనని ప్రతి లైను పక్కనా రాసుకున్నానండి. నాన్న లెక్క చెబుతుంటే ఆయన అన్న మాటలు కూడా అలాగే రాసేశాను” అంది.

మెంటర్ ఫైలు చూసి, ‘టెస్టులు బాగున్నాయి. కామెంట్లు శుభ్రం చెయ్యండి’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పెద్దమ్మగారబ్బాయికి చూపిస్తే, “మంచి కోడ్‌కి కామెంట్లు అక్కర్లేదే, అన్నీ పీకెయ్” అని నవ్వాడు. ఆ నవ్వు గుచ్చుకుంది. ఆ రాత్రే హ్యాష్ గుర్తు కనబడ్డ ప్రతిచోటా అక్కణ్ణుంచి లైను చివరిదాకా ఒక్క దెబ్బకి చెరిపేసింది. పొద్దున చూస్తే ఫైలు నడవడం లేదు. కోర్సు సైటులో పెడితే ‘గుర్తించలేకపోయాం’ అని వెనక్కి కొట్టింది. కలిసి చదువుకునే స్నేహితురాలేమో, “నేను నీ కామెంట్లు చూసే కదే నేర్చుకుంటున్నాను, ఒక్క మాట అడగవా” అని అలిగి ఫోన్ ఎత్తడం లేదు.

చివర్లో, పేజీ అంచున, చిన్న అక్షరాలతో ఇంకో సంగతి రాసింది. ఒక కామెంట్లో, పోయిన దాళ్వాలో తరుగు పేరు చెప్పి ఎక్కువ కోసుకున్నారని వాళ్ళ నాన్న వాపోయిన మిల్లు పేరు ఉంది. పక్కనే నాన్న పేరు, ఫోన్ నంబరు. ఆ ఫైలు అందరికీ కనబడేలా నెట్‌లో ఉంది. కాకినాడలో ఇంటర్వ్యూ వాళ్ళు లింకు ఇమ్మన్నారని పెట్టింది. సార్వా ధాన్యం మళ్ళీ ఆ మిల్లుకే తోలాలి.

“ఏవి తియ్యాలి, ఏవి ఉంచాలి? తెలుగులో రాయడం తప్పా? అన్నయ్య మాట వినాలా, స్నేహితురాలి మాట వినాలా? నాకసలు ఈ పని రాదేమో అనిపిస్తోందండి” అని అడిగింది. ఫైలు కూడా జతచేసింది.

సమాధానం

అమ్మా, మా చిన్నమ్మాయి ఈడుదానివి, నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

నువ్వు అంచున రాసిన సంగతితోనే మొదలుపెడతాను. మిగతావాటికి వారం ఆగినా ఫరవాలేదు, దీనికి ఆగకూడదు.

ఆ కామెంటు చెరిపేశానులే అని నిబ్బరంగా ఉన్నావేమో. కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే పనిముట్టు గిట్, అది అలా మర్చిపోయే రకం కాదు. కమిట్ చేసిన, అంటే అందులో భద్రపరిచిన, ప్రతి పాత రూపం దాని చరిత్రలో అలాగే ఉంటుంది. నీ ఫైలు ఇవాళ శుభ్రంగా కనబడినా, పాత కమిట్ మీద నొక్కితే మిల్లు పేరు, నాన్నగారి నంబరు రెండూ బయటికొస్తాయి. నేను నొక్కి చూశాను, వచ్చాయి.

నీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఈ నిమిషంలోనే ఆ రెపోని, అంటే నెట్‌లో నీ ఫైలూ దాని చరిత్రా ఉన్న చోటుని, ప్రైవేటుగా మార్చెయ్యడం. రెండు నిమిషాల పని. కాకపోతే ఇంటర్వ్యూ వాళ్ళకిచ్చిన లింకు తెరుచుకోదు. రెండోది, మిల్లు పేరూ నాన్నగారి పేరూ నంబరూ తీసేసిన ఫైలు ఒక్కటే పెట్టి కొత్త రెపో మొదలుపెట్టి, పాతదాన్ని సైటు మీద నుంచి తీసెయ్యడం. నీ పాత కమిట్ల చరిత్ర పోతుంది, నేర్చుకునే దశలో అదేమంత నష్టం కాదు. నీ కంప్యూటర్లో ఉన్న పాత ప్రతిని మాత్రం ఉంచుకో, కింద దానితో పనుంది. మూడోది చరిత్రనే తిరగరాయడం. అందుకు పనిముట్లున్నాయి గానీ, ఇంకా గిట్ అంతగా అలవాటు కాని వాళ్ళు అందులో చెయ్యి పెడితే మొత్తం చిక్కుపడుతుంది. నేనైతే ముందు మొదటిది చేసి, ఆ తర్వాత తీరిగ్గా రెండోది చేస్తాను. ఈలోపు ఎవరైనా కాపీ చేసుకుని ఉంటే దాన్ని ఏ దారీ వెనక్కి తీసుకురాదు.

నాన్నగారికి చెప్పాలా వద్దా అని నువ్వు అడగలేదు. నాకైతే చెబితేనే మంచిదనిపిస్తోంది. ఇవాళ కోప్పడతారు. చెప్పకుండా ఉండి, ధాన్యం తోలే రోజున మిల్లు గుమ్మంలో ఆయనకి ఎవరో చెబితే అది వేరే రకంగా ఉంటుంది. ఆయన బాధలో నిజం ఉండే ఉంటుంది. దాన్ని ఎక్కడ ఎవరితో తేల్చుకోవాలో ఆయన ఇష్టం.

ఇక ఈ పని రాదేమో అన్నావు. నీ ఫైలు నా దగ్గర నడిపాను, పాతది, కామెంట్లున్నది. అది చూశాక ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకో కామెంట్లలోకి వెళితే నీకే తెలుస్తుంది.

ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చెబుతాను. హ్యాష్ గుర్తు ఉన్నదల్లా కామెంటు కాదు. నీ టెస్టుల్లో ఒకచోట ‘బిల్లు #214’ అని కోట్స్ మధ్య రాశావు. అక్కడ హ్యాష్ మామూలు అక్షరమే. నువ్వు దాన్నుంచి చివరిదాకా చెరిపేసరికి మూసే కోట్ కూడా కొట్టుకుపోయింది, ఫైలు ఆగిపోయింది. ఇంకోటి, ఫైలు మొదట్లోనూ చివర్లోనూ ‘ఇక్కణ్ణుంచి మీ కోడ్’, ‘ఇక్కడితో సమాప్తం’ అనే అర్థంతో కోర్సు వాళ్ళు పెట్టిన రెండు గీతలున్నాయి. చూడ్డానికి కామెంట్లే. వాళ్ళ సైటు వాటిని వెతుక్కుని ఆ మధ్యలో ఉన్నదాన్ని దిద్దుతుంది కాబోలు, అవి లేకపోయేసరికి గుర్తించలేకపోయింది. మనుషుల కోసం కాకుండా యంత్రాల కోసం రాసిన కామెంట్లుంటాయి. ఈ లైను గురించి హెచ్చరించకు అనో, ఈ భాగాన్ని లెక్కలోకి తీసుకోకు అనో పనిముట్లకి చెప్పేవి. అర్థం కాని కామెంటు కనబడితే అది ఎవరికోసమో తెలిసేదాకా చెయ్యి వెయ్యకు. కాబట్టి గిట్‌లోంచి పాత రూపం వెనక్కి తెచ్చుకుని, అక్కడ మళ్ళీ మొదలుపెట్టు.

మొదలుపెట్టే ముందు ఒక్కసారి టెస్టులన్నీ నడుపు. మన దగ్గర కాలువ పూడిక ఎప్పుడు తీస్తారు? ధవళేశ్వరంలో నీళ్ళు కట్టేశాక, ఎండల్లో. నీళ్ళు పారుతుండగా ఎవరూ పార పట్టుకుని దిగరు. ఇదీ అంతే. అన్నీ పాసవుతున్నప్పుడే కామెంట్లు సర్దు, నాలుగు సర్దాక మళ్ళీ నడుపు. గుర్రపుడెక్క లాగుతూ లాగుతూ గట్టు కూడా తవ్వేశావనుకో, ఎక్కడ తవ్వావో అప్పటికప్పుడు తెలిసిపోతుంది.

సరే, తొంభై కామెంట్లూ చదివాను.

అందులో సగం దాకా ‘ఇక్కడ ఫంక్షన్ని పిలుస్తున్నాం’, ‘కౌంటుకి ఒకటి కలుపుతున్నాం’ లాంటివి. పక్కన కోడ్ అదే మాట చెబుతోంది. వాటిని తీసెయ్. అవి రాసిన రోజున నీకు అవసరమే, ఇప్పుడు ఆ లైన్లు నీకు వచ్చేశాయి. అంతకంటే వీటి గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

రెండో టెస్టు పైన ‘40 బస్తాలు, 69,000 రావాలి’ అని ఉంది. కింద అసర్ట్‌లో, అంటే ఇంత రావాలని టెస్టు సరిచూసే లైన్లో, 71,070 ఉంది. ఏది నమ్మాలి? నేను కాసేపు బుర్ర గోక్కుని తర్వాత లెక్క కట్టాను. బస్తాకి 75 కిలోల లెక్కన 40 బస్తాలంటే 30 క్వింటాళ్ళు. సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర 2024–25లో 2,300 రూపాయలు, 2025–26కి 2,369 అయింది. పాత ధరకి 69,000, కొత్త ధరకి 71,070. అంటే ధర పెరిగినప్పుడు కోడ్ మార్చావు, టెస్టు మార్చావు, కామెంటు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. టెస్టు తప్పయితే ఎర్రగా అరుస్తుంది. కామెంటు తప్పయితే నోరెత్తదు, అలాగే పడి ఉంటుంది. పైథాన్ వాళ్ళు 2001లో రాసుకున్న శైలి నియమాలు, పెప్ 8 అంటారు, అందులో కూడా ఇదే ఉంది: కోడ్ ఒకటి చెబుతూ కామెంటు ఇంకోటి చెబితే, అసలు కామెంటు లేకపోవడమే నయమని. ఇలా మారిపోయే అంకెలు కామెంట్లో రాయకు. ధర ఏ సీజన్‌దో రాయాలనుకుంటే ఆ ధర పెట్టిన చోట ఒక్కసారి రాయి, చాలు.

ఇప్పుడు నన్ను కుర్చీలో ముందుకు జరిపిన సంగతి. నీ ఫైల్లో టెస్టులు వేలు పెట్టి లెక్కపెట్టాను, పన్నెండు. నడిపితే తెర మీద ‘రాన్ 11 టెస్ట్స్’, కింద ‘ఓకే’. ఒకటేమయినట్టు? నీకూ ప్రతిసారీ పదకొండే వచ్చి ఉంటుంది. ‘ఓకే’ చూసి సంతోషపడి అంకె చూసి ఉండవు. ఇరవై ఏళ్ళు టెస్టింగ్‌లో ఉన్నదాన్ని, నేనూ అలాగే చేశాను ఎన్నోసార్లు.

తేమ గురించిన టెస్టులకి పేర్లేం పెట్టావు? టెస్ట్_తేమ_1, టెస్ట్_తేమ_2, మళ్ళీ టెస్ట్_తేమ_2, టెస్ట్_తేమ_3. ఒకే క్లాసులో, అంటే టెస్టుల్ని ఒకచోట కట్టే కోడ్ మూటలో, ఒకే పేరుతో రెండు రాస్తే పైథాన్ ఏమీ అనదు. రెండోది వచ్చి మొదటిదాని చోట్లో కూర్చుంటుంది, మొదటిది ఇక ఎప్పటికీ నడవదు. పేర్లతో తేడా తెలియలేదు గానీ, వాటి పైన నువ్వు రాసుకున్న కామెంట్లలో తేడా స్పష్టంగా ఉంది. ఒకదాని మీద ‘సరిగ్గా 17 ఉంటే కోత పడకూడదు, పూర్తి డబ్బు రావాలి’. ఇంకోదాని మీద ‘17 దాటింది, కోత పడాలి’. నువ్వు ఆలోచించింది సరిగ్గానే ఆలోచించావు. ఆ ఆలోచన పేర్లోకి వెళ్ళాల్సింది, కామెంట్లో ఉండిపోయింది.

నేను మొదటిదాని పేరు ‘టెస్ట్_తేమ_సరిగ్గా_17_ఉంటే_కోత_లేదు’ అని మార్చి నడిపాను. ఈసారి పన్నెండు నడిచాయి, ఒకటి ఫెయిలయింది. అది ఇన్నాళ్ళూ నడవనిదే. 71,070 రావాల్సిన చోట 69,174 రూపాయల 80 పైసలు వచ్చింది. ఫంక్షన్లో ‘17 కంటే ఎక్కువైతే’ అనాల్సింది ‘17 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే’ అని రాశావు. ఒక్క ‘ఈజ్ ఈక్వల్ టు’ గుర్తు ఎక్కువ పడింది. తేమ సరిగ్గా 17 వచ్చిన రైతు దగ్గర నీ ఫంక్షన్ నలభై బస్తాలకి 1,895 రూపాయల 20 పైసలు కోసేస్తోంది. మిల్లులో అన్యాయం జరిగిందని కామెంటు రాసిన అమ్మాయి ఫంక్షనే ఇది! నవ్వులాటకి అన్నానులే, మనసులో పెట్టుకోకు. ఆ టెస్టు రాయాలని నీకు తోచడమే గొప్ప. గీత మీద సరిగ్గా నిలబడే అంకెని పరీక్షించాలని కొత్తవాళ్ళలో చాలామందికి తోచదు. పని రాని మనిషికి అది తట్టదు.

(నీ ఫైల్లో ఈ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. పైథాన్ మూడో రూపం నుంచి తెలుగు అక్షరాలతో పేర్లు పెట్టినా ఒప్పుకుంటుంది గానీ, టెస్టుల్ని వెతికే పనిముట్టు ‘టెస్ట్’ అన్న ఇంగ్లీషు నాలుగక్షరాలతో మొదలైనవాటినే ఏరుకుంటుంది. తెలుగులో టెస్ట్ అని మొదలుపెడితే దాని కంటికి ఆనదు.)

కాబట్టి టెస్టు మీద ఉన్న ప్రతి కామెంటునీ ఒకసారి ఇలా అడుగు: నువ్వు పేరుగా మారిపోతావా? నీ పన్నెండింటిలో ఎనిమిదింటికి అలా మారిపోతాయి. పేర్లు పొడుగవుతాయి. మామూలు ఫంక్షన్‌కి అంత పేరు బాగుండదు, టెస్టుకి ఫరవాలేదు. దాన్ని ఎవరూ చేత్తో పిలవరు. ఫెయిలైనప్పుడు తెర మీద ముందు కనబడేది ఆ పేరే. అర్ధరాత్రి ‘తేమ_2 ఫెయిల్’ అని చదివితే ఏం తెలుస్తుంది?

పేరులో పట్టనంత పెద్ద మాటయితే ఇంకో చోటుంది. ఫంక్షన్ పేరు కిందే మూడు కోట్స్ మధ్య రాసే డాక్‌స్ట్రింగ్. కామెంటుకీ దానికీ తేడా ఏమిటంటే, టెస్టుల్ని వివరంగా చూపించమని నడిపితే డాక్‌స్ట్రింగ్ మొదటి లైను తెర మీదికి వస్తుంది, కామెంటు రాదు. అన్నిటికీ పెట్టకు, మళ్ళీ తొంభై అవుతాయి.

పదో టెస్టులో ఒక పని చేశావు. దాని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. అసర్ట్ లైను ముందు హ్యాష్ పెట్టి దాన్ని కామెంటుగా మార్చేసి, పక్కన ‘ఎందుకో ఫెయిల్ అవుతోంది, తర్వాత చూడాలి’ అని రాశావు. అసర్ట్ లేని టెస్టు, కోడ్ మధ్యలో ఆగిపోతే తప్ప, ఎప్పుడూ పాసే. ప్రశ్న అడగని పరీక్షలో ఎవరు తప్పుతారు? ఆ లైనుని నేను మళ్ళీ తెరిచి చూశాను. బస్తాలు మైనస్ అయిదు ఇస్తే ఫంక్షన్ తప్పు అని తిప్పికొట్టాలని నీ టెస్టు. ఫంక్షన్ తిప్పికొట్టడం లేదు, రైతే మిల్లుకి 8,883 రూపాయల 75 పైసలు బాకీ అని తేలుస్తోంది. అంటే టెస్టు సరైనదే, ఫంక్షనే తప్పు. నీకు ఫంక్షన్ సరిచేసే తీరిక ఉంటే ఒక ‘ఇఫ్’ షరతు పెట్టి సరిచెయ్, ఆ కామెంటే అక్కర్లేదు. లేదు, ఈ వారానికి వదిలేస్తానంటే, ‘స్కిప్’ అని ఒకటుంది, దానికి కారణం రాసే చోటు కూడా ఉంటుంది. అప్పుడు ‘ఓకే’ పక్కన ఒకటి స్కిప్ అయిందని కనబడుతుంది. మెంటర్‌కి తెలుస్తుంది, నీకూ గుర్తుంటుంది. కొందరు స్కిప్‌లు చూసి మొహం చిట్లిస్తారు, నిజమే. హ్యాష్ పెట్టి దాచింది తర్వాత దొరికితే ఇంకా ఎక్కువ చిట్లిస్తారు.

ఇక మీ అన్నయ్య అన్న మాట. మంచి కోడ్‌కి కామెంట్లు అక్కర్లేదని చాలామంది అంటారు, అందులో కొంత నిజం ఉంది. ఇప్పుడు చూశాం కదా, మంచి పేరు పెడితే ఎనిమిది కామెంట్లు ఎగిరిపోయాయి. ఆయన దగ్గర నీ 75 పెట్టి అడుగు. ఫంక్షన్లో బస్తాల్ని 75తో గుణించి వందతో భాగించావు. పక్కన ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, ‘బస్తా అంటే 75 కిలోలే, 100 కాదు, ధర మాత్రం క్వింటాకి, నాన్న చెప్పారు’ అని రాసుకున్నావు. మొత్తం ఫైల్లో నాకు బాగా నచ్చిన కామెంటు అదే. బస్తా డెబ్బై అయిదని మన గోదావరి జిల్లాల్లో ఎవర్నీ అడగక్కర్లేదు, ఎకరాకి ఎన్ని బస్తాలని చెప్పుకునేదంతా ఆ లెక్కే. ధాన్యం మొహం చూడని కుర్రాడెవరో రేపు ఈ కోడ్ తెరిచి, ధర క్వింటాకి కదా, మధ్యలో ఈ 75 ఏమిటి, పొరపాటేమో అని వంద చేసేస్తాడు. ‘బస్తా_కిలోలు’ అని పేరు పెట్టుకో, బాగుంటుంది. అదేమిటో పేరు చెబుతుంది. ఎందుకంతో పేరు చెప్పలేదు, అక్కడ కామెంటు ఉండాల్సిందే. ‘ఇక్కడ ధాన్యం బస్తా 75 కిలోలు, ధర మాత్రం క్వింటాకి’ అని మార్చి ఉంచు. అలాగే 17 పక్కన, అది కొనుగోలు కేంద్రాల్లో తేమకి పెట్టిన హద్దు అనీ, రెండు కిలోల తరుగు మాత్రం నువ్వు అభ్యాసం కోసం పెట్టుకున్నదనీ రెండు ముక్కలు రాయి. లేకపోతే ఎవరైనా దాన్ని సర్కారు నిబంధన అనుకుంటారు.

అలా కారణం రాయకుండా వదిలేస్తే ఏమవుతుందో ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక టెస్టు ఫైల్లో ‘దీన్ని ముట్టుకోవద్దు’ అని మాత్రమే రాసి ఉన్న లైను ఒకటుండేది. ఎవరు రాశారో, ఎందుకు రాశారో చెప్పేవాళ్ళు లేరు. ఆ లైను చుట్టూ తిరిగి కోడ్ రాసుకుంటూ పోయాం ఆరేళ్ళు. చివరికి ఒక కొత్తమ్మాయి తెలియక తీసేసింది. ఏమీ కాలేదు.

తెలుగులో రాయడం తప్పా అన్నావు. పైథాన్‌కి తప్పు కాదు. రెండో రూపం రోజుల్లో తెలుగక్షరం కనబడితే, ప్రత్యేకంగా ముందే చెప్పకపోతే ఆగిపోయేది. మూడోదానికి ఆ పట్టింపు లేదు. మనుషుల సంగతే చూసుకోవాలి. ఇందాక చెప్పిన పెప్ 8లోనే, ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్ళు కూడా కామెంట్లు ఇంగ్లీషులోనే రాయండి, మీ భాష రాని వాళ్ళెవరూ ఈ కోడ్ చదవరని 120 శాతం నమ్మకం ఉంటే తప్ప, అని ఉంది. 120 అన్న అంకె వాళ్ళదే, నాది కాదు. కాకినాడ ఇంటర్వ్యూలో చూసేవాళ్ళు తెలుగువాళ్ళే కావచ్చు, కాకపోనూ వచ్చు. అక్కడికి పంపే ప్రతిలో మిగిలిన ఆరేడు కామెంట్లు చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాయి. వ్యాకరణం గురించి బెంగ వద్దు. నువ్వూ నీ స్నేహితురాలూ మాత్రమే చదువుకునే ప్రతి అయితే హాయిగా తెలుగులో, తెలుగు అక్షరాల్లో ఉంచు. ఇంగ్లీషు అక్షరాల తెలుగు మాత్రం ఎటూ వద్దు. ‘కోత’ అన్న ఒక్క మాటని నీ ఫైల్లోనే మూడు రకాల స్పెల్లింగుల్లో రాశావు, వెతికితే ఒకటి దొరికి రెండు దొరకలేదు.

స్నేహితురాలి అలక న్యాయమైనదే. ఆ కామెంట్లు ఆ అమ్మాయికి పాఠాలు. పాత రోజుల్లో కొట్టుల్లో చిట్టా, ఆవర్జా అని రెండుండేవి. ఆ రోజు జరిగింది జరిగినట్టు చిట్టాలో గిలికేవారు, తర్వాత తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఆవర్జాకి ఎక్కింది కదా అని చిట్టా చింపేవారు కాదు. నువ్వు రెండూ ఒకే పుస్తకంలో రాశావు, అంతే. నీ కంప్యూటర్లో ఉంచుకోమన్నానే ఆ పాత ప్రతి, అందులోంచి మిల్లు ముక్కా ఫోన్ నంబరూ తీసేసి, తొంభై కామెంట్లతోనే ఒక నోట్సుగా ఆ అమ్మాయికి పంపు. నాన్నగారు అన్న మాటలు కూడా అందులో ఉంటాయి, పోవు. ఇకముందు నేర్చుకునేటప్పుడు కూడా పక్కన చిట్టా ఒకటి పెట్టుకో. రెండు ఫైళ్ళు చూసుకోవడం విసుగే, కొన్నాళ్ళకి చిట్టాలో రాయడం తగ్గిపోతుంది కూడా.

అన్నయ్యతో వాదన పెట్టుకోకు. అతను నవ్వింది నీ మీద కాకపోవచ్చు, తను మొదట్లో రాసినవి గుర్తొచ్చి కావచ్చు. కావాలంటే ఆ పదకొండూ పన్నెండూ కథ అతనికి చెప్పు, ఎక్కడ తప్పుందో కనుక్కోమను.

మెంటర్‌కి పంపేటప్పుడు అన్నీ ఒకే కమిట్‌లో కుక్కకు. కామెంట్లు తీసింది ఒకటి, పేర్లు మార్చింది ఒకటి, ఫంక్షన్లో ‘ఈజ్ ఈక్వల్ టు’ తీసింది ఒకటి. అన్నీ కలిపితే తొంభై లైన్ల చెత్తలో ఆ ఒక్క గుర్తు మారిన సంగతి ఆయన కంటపడదు, నువ్వు చేసిన అసలు పని అదే కదా. వెంట నాలుగు ముక్కలు రాయి: ‘కామెంట్లు సర్దుతుంటే ఒక టెస్టు అసలు నడవడం లేదని తెలిసింది, రెండిటికీ ఒకే పేరు పెట్టాను. పేరు మార్చాక ఫెయిలైంది, ఫంక్షన్లో హద్దు తప్పుగా రాశాను, సరిచేశాను. మైనస్ బస్తాల టెస్టు ప్రస్తుతం స్కిప్‌లో ఉంది, కారణం రాశాను. బస్తా 75 కిలోలన్న కామెంటు కావాలనే ఉంచాను.’ ఆ చివరి కామెంటు కూడా ఆయన తియ్యమంటారేమో, అంటే ఎందుకుంచావో చెప్పు. ఆయన మన వైపు వారు కాకపోతే అప్పటిదాకా అది పొరపాటనే అనుకుని ఉంటారు.

కొత్త రెపో లింకు కాకినాడ వాళ్ళకి పంపే ముందు, ఒక్కసారి వేరే ఫోన్లోంచి, నీ ఖాతాతో లాగిన్ కాకుండా తెరిచి చూడు. పాత లింకు కూడా నొక్కు, అది తెరుచుకోకూడదు.